మీ ఇంటికి తగిన కుక్కపిల్ల



కుక్కపిల్లను పెంచుకోవాలని సరదా లేని పిల్లలు అరుదు. ఇంట్లో పెద్దవాళ్ళు "సరే" అనడమే ఆలస్యం, కుక్క ఈనిన ఇల్లు ఎక్కడుందో కనుక్కుని అక్కడికి పరుగెత్తుతారు. బుట్టలో అయిదారు పిల్లలు ఒకదానిమీద ఒకటి పొర్లుతూ ఉంటాయి. వాటిలో తెల్లగా ఉన్నదానినో, నుదుట బొట్టులాంటి మచ్చ ఉన్నదానినో చూసి, "ఇదే కావాలి!" అంటారు. అయిదు నిమిషాలలో పని పూర్తి అవుతుంది.

కాని కాస్త ఆలోచించండి. కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. ఒక్కొక్కటి ఇంకా ఎక్కువే బతుకుతుంది. ఇప్పుడు మీకు తొమ్మిదేళ్ళనుకుందాం. మీరు కాలేజీ చదువు పూర్తిచేసేనాటికి కూడా ఆ కుక్క మీ ఇంట్లోనే ఉంటుంది. పన్నెండేళ్ళ స్నేహాన్ని అయిదు నిమిషాలలో, అదీ నుదుటి మచ్చను చూసి తేల్చవచ్చునా? మచ్చతో మీకు పని పడదు. రోజూ పొద్దున లేచినదగ్గరనుంచి మీరు కాపురం చెయ్యవలసింది దాని స్వభావంతో.

మనుషులలో లాగే కుక్కలలోనూ దుడుకువి ఉంటాయి, పిరికివి ఉంటాయి, నిదానమైనవి ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలుకూడా ఒకే తీరుగా ఉండవు. మన ఇంటికి ఏది సరిపోతుందో తెలుసుకోవడం ఎలాగో ఈ నెల చెప్పుకుందాం.

ముందు మీ ఇంటిని చూసుకోండి

నేనెరిగిన ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మూడో అంతస్తులో చిన్న ఇల్లు. తండ్రీ, తల్లీ ఉద్యోగస్థులు. ఇంట్లో పగలంతా ఉండేది చేతికర్రతో నడిచే నాయనమ్మ ఒక్కతే. వాళ్ళు ఒక జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చారు. అన్నిటికన్న ముందు తమమీదికి గెంతిన పిల్లనే ఎంచుకున్నారు. ఆరునెలలయ్యేసరికి అది మోకాలు దాటి పెరిగింది. దానికి పరుగెత్తాలని ఉంటుంది, పరుగెత్తడానికి చోటు లేదు. ఒకనాడు సంతోషం పట్టలేక నాయనమ్మ మీదికి ఎగిరింది. ఆవిడ పడి, మణికట్టు విరిగింది. అప్పటినుంచి కుక్కను వరండాలో గొలుసుతో కట్టేశారు. అది పగలంతా మొరిగేది. ఇరుగుపొరుగువాళ్ళు తగవుకు వచ్చారు. చివరకు ఒక రాత్రి దానిని కారులో ఎక్కించుకుని వెళ్ళి, ఊరి బయట రోడ్డుమీద వదిలేసి వచ్చారు. ఆ ఇంటి పిల్లవాడు రెండు రోజులు అన్నం తినలేదు.

ఇందులో కుక్క చేసిన తప్పేమైనా ఉందా? అది దాని స్వభావం ప్రకారమే నడుచుకున్నది. నాయనమ్మ తప్పూ లేదు. ఆ కుక్క ఒక పొలంలోనో, పెద్ద దొడ్డి ఉన్న ఇంట్లోనో ఉంటే బంగారంలాంటిదని పేరు తెచ్చుకునేది. జోడీ కుదరలేదు, అంతే. ఇంట్లో తిండికి అలవాటుపడ్డ కుక్క వీధిన పడితే దానికి తిండి వెతుక్కోవడం తెలియదు. మిగతా కుక్కలు దానిని రానివ్వవు. అందుకే ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి కుక్కపిల్లలను చూడడానికి వెళ్ళేముందు, ఇంట్లో అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోండి.

ఒకటి: ఇంట్లో పాకే పాపాయిగాని, తూలి పడే ముసలివాళ్ళుగాని ఉన్నారా? ఉంటే మీకు నిదానమైన కుక్క కావాలి.

రెండు: పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా? రోజుకు ఎనిమిది గంటలు తాళం వేసి ఉండే ఇంట్లో చిన్నపిల్లను వదలరాదు. దానికి రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, గంట గంటకూ బయటికి తీసుకుపోవాలి.

మూడు: పొద్దునా, సాయంత్రమూ దానిని ఎవరు తిప్పుతారు? "నేను" అని మీరు వెంటనే అంటారు. పరీక్షల రోజులలో కూడా మీరేనా?

నాలుగు: ఇంట్లో ఎవరికైనా కుక్కంటే భయమా? బొచ్చు పడక ఉబ్బసం వచ్చేవారున్నారా? ఒక్కరు ఉన్నా, వారి మాట మొదట వినాలి.

ఐదు: మీ ఊరి ఎండ ఎంత? సైబీరియన్ హస్కీ మంచుదేశంలో బండి లాగడానికి పుట్టింది. దాని ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. మే నెలలో మన ఊళ్ళలో మనకే ఉక్కపోతగా ఉంటుంది గదా, ఆ కంబళి కప్పుకున్న ప్రాణి మాటేమిటి? కుక్కకు మనకులాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే అది చల్లబడడానికి ముఖ్యమైన దారి.

స్వభావం ఎక్కడినుంచి వస్తుంది?

మూడు చోట్లనుంచి వస్తుంది. పుట్టుకనుంచి కొంత, పసితనంలో చూసినవాటినుంచి కొంత, మన పెంపకంనుంచి కొంత.

పుట్టుక సంగతి మొదట చూద్దాం. 1959 లో అప్పటి సోవియట్ దేశంలో, సైబీరియాలోని నోవోసిబిర్‌స్క్ దగ్గర, ద్మీత్రి బెల్యాయెవ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన ప్రయోగం ప్రారంభించాడు. బొచ్చుకోసం పెంచే వెండినక్కలలో, మనిషి దగ్గరికి వెళ్ళినప్పుడు తక్కువ భయపడేవాటిని, కరవనివాటిని ఏరి, వాటికే సంతానం కలగనిచ్చాడు. ఆ సంతానంలోనూ సాధువైనవాటినే మళ్ళీ ఏరాడు. రంగు చూడలేదు, బొచ్చు చూడలేదు, స్వభావం ఒక్కటే చూశాడు. కొన్ని తరాలు గడిచేసరికి మనిషిని చూసి తోక ఊపే నక్కపిల్లలు పుట్టాయి! చేతులు నాకేవి, ఎత్తుకోమని మూలిగేవి పుట్టాయి. ఆ నక్కల పూర్వీకులు బొచ్చు ఫారాలలో మనుషులమధ్య కొంతకాలం పెరిగినవే అయినా, మచ్చిక కావడమనే గుణం తల్లిదండ్రులనుంచి పిల్లలకు వస్తుందని ఈ ప్రయోగం చక్కగా చూపింది. బెల్యాయెవ్ 1985 లో చనిపోయాడు. ల్యుద్మీలా త్రూత్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ పనిని కొనసాగించింది.

"అయితే మంచి జాతి చూసి తెచ్చుకుంటే చాలు గదా" అంటారేమో. అక్కడే పొరపాటు పడతారు. 2022 లో అమెరికా శాస్త్రజ్ఞులు 18,000 కు పైగా కుక్కల సంగతులు వాటి యజమానుల నడిగి సేకరించారు. రెండువేలకు పైగా కుక్కల జన్యువులు పరిశీలించారు. ఒక కుక్కకూ ఇంకొక కుక్కకూ నడవడిలో కనిపించే తేడాలలో జాతివల్ల వచ్చేది నూటికి తొమ్మిది పాళ్ళు మాత్రమేనని తేలింది. జాతిపేరు విని "ఇది సాధువు", "ఇది కోపిష్ఠి" అని తీర్పు చెప్పడం తగదన్నమాట.

అలాగని జాతివల్ల ఏమీ తెలియదని అనుకోకండి. ఏ పనికోసం ఒక జాతిని తరతరాలుగా పెంచారో ఆ పనిమీద మక్కువ దానిలో కొంత మిగిలి ఉంటుంది. మన కొల్లేటి ప్రాంతంలో జోనంగి కుక్కలుండేవి. పొట్టి వెంట్రుకలతో నున్నగా ఉండే ఈ కుక్కలు బాతుల మందలను తోలడంలో పేరుపొందాయి. అలా మందవెంట తిరిగే కుక్కను తెచ్చి గదిలో కూర్చోబెడితే అది మీ చెప్పులమీద పడుతుంది. బీగిల్ అనేది వాసన పట్టి కుందేళ్ళను వేటాడే కుక్క. నేలమీద వాసన తగిలిందంటే మీ పిలుపు దాని చెవికెక్కదు.

మరి జాతికన్న ఎక్కువగా దేనిని చూడాలి? తల్లిని చూడాలి. మీరు వెళ్ళినప్పుడు తల్లికుక్క ఒకటి రెండుసార్లు మొరిగి, యజమాని "ఊరుకో" అనగానే ఊరుకుని, తరవాత మీ చెయ్యి వాసన చూసిందనుకోండి, అది మంచి గుర్తు. పిల్లలున్న తల్లికి కొంత అనుమానం సహజమే. కాని రోజూ చూసే మనుషులమీదకూడా పళ్ళు బయటపెట్టే తల్లి అయితే, ఆ ఇంటినుంచి పిల్లను తెచ్చుకోకపోవడమే మేలు. "తల్లిని చూపించం" అన్నచోటికి అసలు పోవద్దు.

మొక్కై వంగనిది మానై వంగునా?

ఈ సామెత కుక్కపిల్లలకు ఎంత బాగా సరిపోతుందో చూడండి. కుక్కపిల్ల పుట్టినప్పుడు కళ్ళు మూసుకుని ఉంటుంది. చెవులు వినపడవు. పది పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తుంది. మూడోవారంలో చెవులు వినిపించడం మొదలవుతుంది, తూలుతూ నడుస్తుంది. అప్పటినుంచి దాదాపు పన్నెండు వారాలదాకా దాని మనస్సు తడిమట్టిలాంటిది. ఆ రోజులలో చూసిన మనుషులను, విన్న చప్పుళ్ళను, తిరిగిన నేలను అది "ఇవి నావి" అనుకుంటుంది. చూడనివి తరవాత భయం పుట్టిస్తాయి.

1961 లో డేనియల్ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు అమెరికాలో చేసిన ప్రయోగం దీనిని రుజువు చేసింది. వారు కాకర్ స్పానియెల్, బీగిల్ పిల్లలను ఎత్తయిన దడి కట్టిన మైదానంలో తల్లులతో ఉంచారు. మనుషుల పొడ సోకకుండా తిండీ నీళ్ళూ అందించారు. కొన్ని పిల్లలను రెండోవారంలో, కొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల వయస్సులో, ఒక్కొక్కవారం పాటు బయటికి తెచ్చి మనుషులతో ఆడనిచ్చారు. మరికొన్నిటిని 14 వారాలదాకా తేనేలేదు. ఏమయింది? పద్నాలుగు వారాలకు మొదటిసారి మనిషిని చూసిన పిల్లలు అడవిజంతువులలాగా పారిపోయాయి. ఎంత బుజ్జగించినా దగ్గరికి రాలేదు. మధ్యలో, ముఖ్యంగా ఐదోవారానికీ తొమ్మిదోవారానికీ నడుమ, ఆ ఒక్కవారం మనుషులతో గడిపిన పిల్లలు చక్కగా మచ్చిక అయ్యాయి.

దీనివల్ల రెండు సంగతులు తెలుస్తున్నాయి. ఎక్కడో షెడ్డులో, బోనులో, మనుషుల ఆలనాపాలనా లేకుండా పెరిగిన పిల్లకన్న, ఒక ఇంట్లో గిన్నెల చప్పుడుమధ్య, పిల్లల కేకలమధ్య పెరిగిన పిల్ల మనకు త్వరగా అలవాటవుతుంది. ఇది మొదటిది. రెండోది, ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లిదగ్గరనుంచి తీసుకురాకూడదు. ఎందుకంటారా? కుక్కపిల్లలు ఆటలో ఒకదానినొకటి కొరుకుతాయి. గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని ఆట మానేస్తుంది. "ఇంత గట్టిగా కొరకకూడదు" అన్న పాఠం అది అక్కడే నేర్చుకుంటుంది. మనం చెప్పినా అంత బాగా రాదు. మన దేశంలో 2017 లో వచ్చిన నిబంధనలుకూడా ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని చెబుతున్నాయి.

వీధిచివర గోడపక్కన ఈనిన ఊరకుక్క పిల్లలను, కళ్ళు తెరవకముందే గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చే పిల్లలున్నారు. అలా చెయ్యకండి. తల్లిపాలు లేక ఆ పిల్ల బతకడం కష్టం. ఎనిమిది వారాలదాకా తల్లిదగ్గరే ఉండనివ్వండి. మీరు రోజూ దూరంనుంచి చూస్తూ ఉండండి. తరవాత తెచ్చుకోండి. ఊరకుక్క అని చిన్నచూపు చూడవద్దు. మన ఎండకు, మన వానకు తరతరాలుగా అలవాటుపడినది అదే. పైగా రెండునెలలపాటు మీరు దానిని కళ్ళారా చూశారు గనక, దాని స్వభావం మీకు తెలిసినంతగా కొనుక్కున్నవాళ్ళకు తెలియదు.

చిన్న చిన్న పరీక్షలు

ఇప్పుడు పిల్లలను చూడడానికి వెళదాం. పెద్దవాళ్ళను వెంట తీసుకువెళ్ళండి. పిల్లలు నిద్రపోయేటప్పుడు కాక, ఆడుకునేటప్పుడు వెళ్ళండి. వీలయితే రెండుసార్లు, వేరువేరు రోజులలో వెళ్ళండి.

మొదట చప్పుడు చెయ్యకుండా కాస్త దూరంలో నేలమీద కూర్చోండి. ఒకటి పరుగెత్తుకువచ్చి మీ ఒళ్ళోకి ఎగబాకి, చొక్కా గుండీ పీకుతుంది. ఒకటి మూలకు పోయి అక్కడినుంచి చూస్తుంది. ఇంకొకటి ఒక నిమిషం ఆగి, తోక ఊపుతూ వచ్చి, వాసన చూసి కూర్చుంటుంది. మూడింటినీ గుర్తుపెట్టుకోండి.

తరవాత లేచి మెల్లగా నడుస్తూ, తొడమీద తట్టి పిలవండి. వెంట వచ్చే పిల్లకు మనుషులంటే ఇష్టమన్నమాట.

తరవాత నాలుగడుగుల దూరంలో ఒక స్టీలు గరిటెను నేలమీద పడెయ్యండి. ప్రతి పిల్లా ఉలిక్కిపడుతుంది. దానిలో వింత లేదు. తరవాత ఏం చేసిందనేది ముఖ్యం. మెల్లగా వచ్చి గరిటెను వాసన చూసిన పిల్ల ధైర్యంగలది. చాలాసేపటిదాకా వణుకుతూ మూల విడవనిది పిరికిది. దీపావళి టపాకాయలు మోగే వీధిలో దానికి చాలా కష్టం.

తరవాత పెద్దవాళ్ళలో ఒకరు పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, అరనిమిషం మెత్తగా పట్టుకోవాలి. కాసేపు గింజుకుని తరవాత శాంతించేది మంచి జోడీ. ఎంతకూ లొంగక కొరకవచ్చేది దుడుకుది.

చివరకు ఒక కాగితం ఉండచుట్టి దొర్లించండి. దాని వెంటబడి, నోట కరుచుకుని మీవైపు తెచ్చే పిల్లకు మనతో కలిసి పని చెయ్యడం సరదా. చదువు చెప్పడం తేలిక.

ఆరోగ్యం చూడడం మరవకండి. కళ్ళు, ముక్కు కారకూడదు. పొట్ట ఒక్కటే కుండలా ఉండి ఒళ్ళు చిక్కి ఉంటే, కడుపులో పాములున్నాయేమోనని అనుమానించాలి.

ఇక ఎంపిక. అన్నిటికన్న ముందు మీమీదికి గెంతిన పిల్ల మిమ్మల్ని "ఎంచుకున్నది" అని మురిసిపోకండి. అది అందరిమీదికీ అలాగే గెంతుతుంది. దొడ్డీ, తీరికా, పెద్ద పిల్లలూ ఉన్న ఇంటికి అది తగినది. మూల నక్కిన పిల్లను చూస్తే జాలి వేస్తుంది. నిజమే. కాని సందడి లేని ఇంట్లో, ఓపికగల పెద్దవాళ్ళ దగ్గర అది సుఖపడుతుంది. పదిమంది పిల్లలు వచ్చిపోయే ఇంట్లో దాని బతుకు నరకం. భయపడ్డ కుక్క తప్పించుకునే దారి లేకపోతే కరుస్తుంది కూడా. ఆగి, చూసి, తోక ఊపుతూ వచ్చిన మూడోదే చాలా ఇళ్ళకు తగిన పిల్ల.

పరీక్షే సర్వం కాదు

నేను బడిపంతులుగా పనిచేసినవాణ్ణి గనక, పరీక్షల విలువ ఎంతో, ఎంత కాదో నాకు తెలుసు. ఒకనాటి మార్కులు చూసి పిల్లవాడి జీవితమంతా చెప్పగలమా? కుక్కల సంగతీ అంతే. స్వీడన్‌లో 630 జర్మన్ షెపర్డ్ పిల్లలను ఎనిమిది వారాల వయస్సులో పరీక్షించి, పెద్దయ్యాక మళ్ళీ పరీక్షించారు. 1998 లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, పసితనపు పరీక్షను చూసి పెద్దయిన కుక్క నడవడిని సరిగా ఊహించడం సాధ్యం కాలేదు. అంటే పరీక్షవల్ల మరీ దుడుకుదానిని, మరీ పిరికిదానిని గుర్తుపట్టవచ్చును గాని, మిగతాదంతా మన పెంపకంలో ఉన్నది.

భారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ ఉన్నది, విన్నారా? జనమేజయుడు యాగం చేస్తూ ఉండగా, సరమ అనే దేవతల కుక్క కొడుకు అక్కడికి ఆడుకోవడానికి వచ్చాడు. వాడు హవిస్సును ముట్టలేదు, ఏ తప్పూ చెయ్యలేదు. అయినా జనమేజయుడి తమ్ముళ్ళు వాణ్ణి కొట్టారు. వాడు ఏడుస్తూ పోయి తల్లితో చెప్పాడు. సరమ రాజు దగ్గరికి వచ్చి, తప్పు లేనివాణ్ణి కొట్టినందుకు అనుకోని ఆపద వస్తుందని శపించింది. కుక్కను "సారమేయం" అనడం ఆ సరమ పేరునుంచే. కొట్టి పెంచిన కుక్క బుద్ధి నేర్చుకోదు, చేతిని చూసి భయపడడం నేర్చుకుంటుంది. తప్పు పని చేస్తే దృష్టి మళ్ళించండి. మంచి పని చేసిన క్షణంలోనే మెచ్చుకుని, చిన్న ముక్క తినడానికి ఇవ్వండి. తినేటప్పుడూ, నిద్రపోయేటప్పుడూ దాని జోలికి పోకండి.

ఒక్క మాట మరవవద్దు

ఎంత సాధువైన పిల్ల అయినా పశువుల డాక్టరుకు చూపించాలి. ఆరు ఎనిమిది వారాల వయస్సునుంచి పార్వో మొదలైన జబ్బులకు టీకాలు, మూడునెలలకు రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి.

ఏ కుక్క కరిచినా, పన్ను గీరుకున్నా, మీ కుక్కపిల్ల అయినా సరే, ఇంట్లో తిడతారని దాచకండి. వెంటనే సబ్బు రాసి, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. కారం, సున్నం, పసుపు పుయ్యరాదు. 1885 జూలై 6 న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్‌కు మొదటిసారి రేబిస్ టీకా వేయించి బతికించాడు. బొడ్డుచుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయం ఇప్పుడు లేదు. భుజానికి నాలుగైదు రోజులు వేస్తారు, అంతే. కాని రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. అందుకే దాచవద్దంటున్నాను.

ఇక ఈ నెల మీరు చెయ్యవలసిన పని. ఒక కాగితంమీద ఏడు గళ్ళు గీసి, ఆదివారంనుంచి శనివారందాకా రాయండి. ప్రతి గడిలోనూ పొద్దున తిప్పేది ఎవరు, తిండి పెట్టేది ఎవరు, మధ్యాహ్నం దగ్గర ఉండేది ఎవరు, రాత్రి శుభ్రం చేసేది ఎవరు అని వారి పేర్లు వారిచేతనే రాయించండి. అన్ని గళ్ళూ నిండితే కుక్కపిల్లకు మీ ఇంట్లో చోటున్నట్టే. నిండకపోతే ఇంకా వేళ కాలేదన్నమాట. దిగులుపడకండి. గుమ్మం పక్కన నీడలో ఒక మట్టిమూకుడు పెట్టి, రోజూ మంచినీళ్ళు పొయ్యండి. మీ వీధికుక్క వచ్చి తాగిపోతుంది. గళ్ళు నిండేదాకా ఆ స్నేహం చాలు.